చెమర్చని మట్టి

(విజయనగరంలో ఒక ఆదివారం ఉదయం, ఇంట్లో మట్టిపని చేసుకునేవారూ కుమ్మరి వృత్తిలో ఉన్న పెద్దలూ కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, సారె తిప్పి సంసారాలు నడిపినవారికి, ప్రత్యేకంగా నమస్కారం. మీ ఎదుట నిలబడి మట్టి గురించి మాట్లాడటం నాకు దక్కిన గౌరవం.

ఈ బల్ల మీద మూడు పాత్రలు పెట్టాను. మీకు ఎడమవైపున ఉన్నది నెల్లిమర్ల వైపు నుంచి తెచ్చుకున్న ఎర్రకుండ. నిన్న రాత్రి నీళ్లు పోసి ఉంచాను. నడుమ ఒక తెల్ల జాడీ, కుడివైపున ఇంకో తెల్ల జాడీ. తెల్లవి రెండూ నేను పోసినవే. ఒకే సంచిలోని మట్టి, ఒకే అచ్చు. అయినా కుడివైపు జాడీ రెండోదానికంటే దాదాపు ఒక సెంటీమీటరు పొట్టిగా ఉంది చూడండి. ఎందుకో తరవాత చెబుతాను.

ముందుగా ఎవరైనా లేచి వచ్చి ఆ ఎర్రకుండ ఒంటి మీద చెయ్యి పెట్టండి. చల్లగా, తడిగా ఉంది కదా. మన చెరువు మట్టిని గడ్డి, ఊక, కట్టెలు పేర్చి ఆవంలో కాలిస్తే వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీల వరకు వెళుతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది కానీ లోపలి సన్నని రంధ్రాలు మూసుకోవు. నీరు వాటిలోంచి పైకి ఊరి, గాలికి ఆవిరై, ఆవిరయ్యేటప్పుడు కుండలోని వేడిని పట్టుకుపోతుంది. కుండ చెమర్చడం దాని లోపం కాదు, దాని ప్రతిభ. వైశాఖంలో ఆ చెమట విలువ మనకు తెలుసు.

ఇక నడుమ ఉన్న తెల్ల జాడీ కథ. నాలుగేళ్ల కిందట నేను ఒక సంచి పోతమట్టి, అంటే నీటిలో జావలా కలిపి అచ్చులో పోసే మట్టి, కొన్నాను. సంచి మీద 'పింగాణీ' అని ఉంది. ఎంత వేడికి కాల్చాలని అడిగితే, 1050 డిగ్రీలు చాలు, తెల్లగా వచ్చేస్తుంది అన్నాడు అమ్మిన మనిషి. నాకూ సంతోషం కలిగింది. అప్పటికి నా కొలిమి అంతకుమించి కష్టపడేది కాదు. ఆరు జాడీలు పోశాను. పైన మెరుగు, అంటే కాలితే గాజు పొరలా మారే పూత, పూశాను, కాల్చాను. నిజంగానే పాలలా తెల్లగా వచ్చాయి. ఒకటి మా అత్తగారికి ఇచ్చాను. ఆవిడ అందులో మాగాయ పెట్టారు. వానాకాలం వచ్చేసరికి జాడీ బయట గోడ మీద ఉప్పు పూసింది. కింద పరిచిన కాగితం మీద గుండ్రంగా నూనె మరక. ఆవిడ నన్ను తిట్టలేదు. జాడీని రెండు చేతులతో తీసుకొచ్చి నా ముందు పెట్టి, "జాడీ అయితే తెల్లగానే ఉంది కానీ, కుండలాగా చెమరుస్తోందమ్మా" అన్నారు.

ఆ మాట దగ్గరే నా చదువు మొదలైంది. నేనిన్నాళ్లూ పింగాణీ అంటే ఒక రంగు అనుకున్నాను. మన ఇళ్లలో అటక మీది పాత ఊరగాయ జాడీని తలచుకోండి. సగం తెలుపు, సగం గోధుమరంగు. ఉప్పు, నూనె, ఆవపిండి, మామిడి పులుపు, ఇవన్నీ ఏడాదిపాటు లోపల కూర్చున్నా ఒక్క చుక్క బయటికి రాదు. దానికి తెలుపుతో పని లేదు. దాని ఒళ్లంతా కాలి, రంధ్రాలు మూసుకుపోయి, రాయిలా బిగిసింది. పింగాణీ దానికంటే ఇంకో మెట్టు పైన ఉంటుంది. బిగిసిన ఒంట్లో గాజు కూడా నిండి ఉంటుంది కాబట్టి, గోడ పలచగా ఉంటే వెలుతురు అవతలికి కనబడుతుంది.

అసలైన పింగాణీ మట్టిలో మూడు ముఖ్యమైన సరుకులు ఉంటాయి. చైనా క్లే, అంటే కేవొలిన్, సుమారు సగం. ఫెల్డ్‌స్పార్ అనే, వేడికి కరిగే రాతి పొడి పావువంతు, పలుగురాయి పొడి పావువంతు. ఈ కొలత చాలా పాతది, ఇప్పటికీ చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు. కేవొలిన్ అన్న పేరు చైనాలో జింగ్‌డెజెన్ దగ్గరున్న గావోలింగ్ అనే కొండ పేరు నుంచి వచ్చింది. యూరప్ వాళ్లు ఈ సంగతి పట్టుకోవడానికి ఎన్నో తరాలు కష్టపడి, 1708 ప్రాంతంలో జర్మనీలో సాధించి, 1710లో మైసెన్‌లో కార్ఖానా పెట్టారు. వాళ్లకు అంతకాలం పట్టింది రెండింటికి: తగిన తెల్లమట్టి దొరకడానికి, తగినంత వేడి చేతికి రావడానికి.

వేడి ఎందుకంత ముఖ్యమో చెబుతాను. 1050 డిగ్రీల దగ్గర ఈ మూడు సరుకులూ ఒకదాని పక్కన ఒకటి కూర్చుని ఉంటాయి, అంతే. ఒకరితో ఒకరు కలవలేదు. ఇంకా పైకి, 1150 దాటి వెళ్లాక ఫెల్డ్‌స్పార్ కరగడం మొదలుపెట్టి, చిక్కని పాకంలా రంధ్రాల్లోకి జారుతుంది. పలుగురాయి పొడిలో కొంత ఆ పాకంలో కరుగుతుంది. కేవొలిన్ నుంచి ముల్లైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టి ఆ గాజును అల్లుకుంటాయి. ఆ అల్లికే పింగాణీకి బలం. ఫెల్డ్‌స్పార్ కాస్త ఎక్కువ వేసిన మట్టిలో 1220 నుంచి 1240 డిగ్రీల దగ్గర ఇది పూర్తవుతుంది. పాతకాలపు గట్టి పింగాణీకి 1280, 1300, ఇంకా పైన కూడా కావాలి. రంధ్రాలు మూసుకుపోతే ఒళ్లు దగ్గరపడుతుంది. కుడివైపు జాడీ పొట్టిగా ఉండటానికి కారణం ఇదే. అది 1230 చూసింది. నడుమ ఉన్నది 1050 దగ్గర ఆగిపోయింది.

బజారులో ఇంకో రకం తెల్ల పోతమట్టి ఉంది. అందులో బాల్ క్లే అనే జిగురు మట్టి, బలపం రాయి పొడి కలుస్తాయి. అది 1000, 1060 డిగ్రీల కోసమే చేసిన మట్టి. బొమ్మలకు మంచిది. బొమ్మల కొలువులో పెట్టుకోవడానికి, గోడకు తగిలించుకోవడానికి, దీపపు స్టాండ్లకు చక్కగా పనికొస్తుంది. నాకు దాని మీద ఏ కోపమూ లేదు. దాన్ని పింగాణీ అని పిలవడం మీదే కోపం. పింగాణీలా కనబడే మట్టి వేరు, పింగాణీ వేరు. ఆ రకాన్ని మాత్రం పొరపాటున కూడా 1230కి తీసుకెళ్లకండి. వంగి, కూలి, కరిగి కొలిమి పలకకు అంటుకుపోతుంది. సంచి కొనేటప్పుడు పేరు అడగకండి, ఎంత వేడికి బిగుస్తుందని, బిగిశాక ఎంత నీరు పీలుస్తుందని అడగండి. జవాబు రాకపోతే చిన్న ముక్కలు చేసి మీరే కాల్చి చూసుకోండి.

సభ మొదలుకాకముందు ముందు వరసలోని తాతగారు నన్ను ఒక మాట అడిగారు. "ఇంత మంచి మట్టిని సారె మీద పెట్టకుండా, గంజిలా కలిపి అచ్చులో పోయడం ఎందుకమ్మా?" అని. చాలా న్యాయమైన ప్రశ్న. తాతగారూ, మీ చేతి కింద చెరువు మట్టి సాగినట్టు ఈ మట్టి సాగదు. కేవొలిన్ రేణువులు కాస్త పెద్దవి, జిగురు తక్కువ. సారె మీద లాగితే చిరుగుతుంది, నీళ్లు తగిలితే కూలుతుంది. ఏళ్ల తరబడి సాధన చేసినవారు దీనితోనూ సారె మీద అద్భుతాలు చేస్తారు. ఇంట్లో సాయంత్రం రెండు గంటలు దొరికే నాలాంటివారికి, మూడు మిల్లీమీటర్ల గోడతో ఆరు గ్లాసులు ఒకేలా రావాలంటే అచ్చులో పోయడమే దారి.

శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పని మీలో చాలామందికి తెలుసు. కరిగిన లోహాన్ని అచ్చులో పోస్తారు. అక్కడ వేడి బయటికి పోతే లోహం గట్టిపడుతుంది. ఇక్కడ నీరు బయటికి పోతే మట్టి గట్టిపడుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసిన అచ్చు ఆ నీటిని పీల్చుకుంటుంది. అందుకే మట్టి జావలో నీరు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. కానీ నీరు తక్కువైతే జావ పోయడానికి రాదు. ఈ చిక్కుముడి ఎలా విప్పారో ఇప్పుడు చూపిస్తాను.

(గిన్నె ఎత్తి చూపిస్తూ) ఈ గిన్నెలో మట్టి ముద్దగా ఉంది. గంటె నిలువునా గుచ్చితే నిలబడుతోంది. ఇందులో నేను నీళ్లు పోయను. ఈ సీసాలో సోడియం సిలికేట్ ఉంది. నాలుగైదు చుక్కలు వేస్తున్నాను. ఇప్పుడు కలుపుతాను... చూడండి, వదులవుతోంది... ఇప్పుడు గంటె నిలబడటం లేదు. చోడి అంబలిలా ధారగా జారుతోంది.

(సభలో చప్పట్లు)

మట్టి రేణువులు సన్నని పలకల్లాంటివి. పలకల ముఖాల మీద ఒక రకం విద్యుదావేశం, అంచుల మీద ఇంకో రకం. అందువల్ల ఒకదాని అంచు ఇంకోదాని ముఖానికి అతుక్కుని, పేకమేడలా కట్టుకుని, మధ్యలో నీటిని బంధించేస్తాయి. సోడియం సిలికేట్ పడగానే పలకలన్నీ ఒకే రకం ఆవేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మేడ కూలుతుంది. బంధించిన నీరు విడుదలై జావ పారుతుంది. సాధారణంగా పొడి మట్టి బరువులో నూటికి 0.2 నుంచి 0.5 వంతు సోడియం సిలికేట్ సరిపోతుంది. అంటే 10 కిలోల పొడికి 20 నుంచి 50 గ్రాములు. కొందరు అందులో కాస్త సోడా యాష్, అంటే బట్టల సోడా లాంటి పొడి, కూడా కలుపుతారు. ఎక్కువ వేస్తే ఇంకా పలచబడుతుందని అనుకోకండి. ఒక హద్దు దాటాక జావ తిరిగి చిక్కబడుతుంది, పోత పెళుసుగా వస్తుంది, అచ్చును వదలదు, అచ్చు ప్లాస్టర్ కూడా తొందరగా అరిగిపోతుంది.

నీటి లెక్క చూద్దాం. 10 కిలోల పొడికి 4 లీటర్ల నుంచి 4.3 లీటర్లు. ముందు నీటిలో సోడియం సిలికేట్‌లో ముప్పాతిక వంతు కలిపి, తరవాత పొడిని కొంచెం కొంచెంగా చల్లుతూ కలపాలి. మిగిలిన పావువంతు చివర్లో చుక్క చుక్కగా. ఒక రాత్రి నాననిచ్చి, మర్నాడు సన్నని జల్లెడలో వడపోయాలి. బోరు నీళ్లు వాడకండి. వాటిలో సున్నపు ఉప్పులు ఎక్కువగా ఉంటే సిలికేట్ పనిని చెడగొట్టి జావను మళ్లీ ముద్ద చేస్తాయి. నేను మేడ మీద పట్టిన వాననీళ్లు డ్రమ్ములో దాచుకుంటాను.

జావ సరిగ్గా ఉందో లేదో కంటితో చెప్పలేం. తూచాలి. ఒక లీటరు జావ 1750 నుంచి 1800 గ్రాములు తూగాలి. ఇంట్లో ఒక చిన్న స్టీలు గ్లాసు తీసుకుని, 100 గ్రాముల నీరు ఎక్కడిదాకా వస్తుందో గీత గీసుకోండి. అదే గీత దాకా జావ పోస్తే 175 నుంచి 180 గ్రాములు ఉండాలి. తక్కువ తూగితే నీరు ఎక్కువైనట్టు. బరువు సరిగ్గా ఉండి కూడా చిక్కగా ఉంటే నీరు పోయకండి, సిలికేట్ చుక్క వేయండి. నేను మొదటి ఏడాదంతా చిక్కగా కనబడిన ప్రతిసారీ నీళ్లు పోశాను. అచ్చులు తడిసి ముద్దయ్యాయి, గ్లాసుల గోడలు ఎండేటప్పుడు చీలాయి. ఒక నోటుపుస్తకం, ఒక త్రాసు కొన్నాక ఆ బాధ తప్పింది.

అచ్చుల గురించి ఎక్కువ చెప్పను, వాటికి వేరే పూట కావాలి. 100 వంతుల ప్లాస్టర్‌కు 70 వంతుల నీరు, బరువు లెక్కన. ప్లాస్టర్‌ను నీటిలో చల్లాలి గానీ నీటిని ప్లాస్టర్‌లో పోయకూడదు. అచ్చును నిప్పు దగ్గర ఎండబెట్టకండి. 45 డిగ్రీల లోపు, ఫ్యాను గాలికి ఎండాలి. ఎక్కువ వేడి తగిలితే ప్లాస్టర్ మళ్లీ పొడిగా మారిపోతుంది. మన తీరప్రాంతంలో ఆశ్వయుజ, కార్తీక మాసాల తుపాను రోజుల్లో అచ్చులు వారం రోజులైనా ఎండవు. ఆ రోజుల్లో నేను పోత పని పెట్టుకోను, కాల్పులూ మెరుగు పనులూ చేసుకుంటాను. ఇంకో మాట: ప్లాస్టర్ పెచ్చు మట్టిలో పడితే ఆ మట్టిని తిరిగి వాడకండి. కాల్చాక ఆ పెచ్చు సున్నంగా మారి, గాలిలోని తేమకు ఉబ్బి, పాత్ర గోడను లోపలి నుంచి పగలగొడుతుంది.

అచ్చు నిండా జావ పోశాక గడియారం చూసుకోవాలి. 10 నిమిషాల్లో 3 మిల్లీమీటర్ల గోడ కట్టిందనుకోండి. 6 మిల్లీమీటర్లు కావాలంటే 20 నిమిషాలు చాలవు, 40 పడుతుంది. గోడ మందమైన కొద్దీ నీరు దాని గుండా దాటి ప్లాస్టర్‌ను చేరడం కష్టమవుతుంది కాబట్టి, రెట్టింపు మందానికి నాలుగు రెట్లు కాలం. పింగాణీకి 2 నుంచి 3 మిల్లీమీటర్లు చాలు. మిగిలిన జావను నెమ్మదిగా, అచ్చును కొద్దిగా వంచి ఒంపాలి. ఒక్కసారిగా బోర్లిస్తే లోపల గాలి చొరబడక, మెత్తటి గోడ లోపలికి కుంగుతుంది.

ఇక్కడ ఈ మట్టికి ఉన్న ఒక గుణం చెప్పాలి. ఇది నాకు చాలా ఇష్టమైన గుణం, ఎంతో ఏడిపించిన గుణం కూడా. పింగాణీ మట్టికి జ్ఞాపకం ఉంటుంది. అచ్చులోంచి తీసేటప్పుడు గ్లాసు అంచు వంగిందనుకోండి. మీరు వేళ్లతో సరిచేస్తారు. ఎండుతుంది, గుండ్రంగానే ఉంటుంది. మొదటి కాల్పులోనూ గుండ్రంగానే ఉంటుంది. రెండో కాల్పులో 1200 దాటాక, మీరు మరిచిపోయిన ఆ వంపు మళ్లీ కనబడుతుంది. అచ్చు రెండు సగాలు కలిసే చోట పడే గీత కూడా అంతే. మెత్తగా ఉన్నప్పుడు నున్నగా గీకేస్తే చాలనుకుంటాం. కాలాక సన్నని వెన్నెముకలా పైకి తేలుతుంది. వంగినప్పుడు, నొక్కినప్పుడు లోపలి పలకల అమరిక మారిపోతుంది, ఆ అమరికను బట్టే అవి కుంచించుకుపోతాయి. అందుకని తొందరపడి తీయకండి. అచ్చు నుంచి మట్టి తనంతట తాను విడివడేదాకా ఆగండి. గీతను మొదటి కాల్పు తరవాత తడిపిన గరుకు కాగితంతో రుద్దండి. తడిగా మాత్రమే. పొడిగా రుద్దితే లేచే ధూళిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి రాదు. ముక్కుకు మాస్కు, తుడవడానికి తడిగుడ్డ, ఈ రెండూ లేకుండా ఈ పనికి దిగవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. ఇంట్లో పిల్లలుంటారు.

ఇక కాల్చడం.

మొదటి కాల్పు 1000 డిగ్రీలకు. 120 డిగ్రీల దాకా చాలా నెమ్మదిగా వెళ్లాలి. మిగిలిన తడి ఆవిరయ్యేటప్పుడు తొందరపెడితే పాత్ర పేలుతుంది. ఎండిపోయింది కదా, ఇక నీరెక్కడిది అనుకోకండి. కేవొలిన్ స్ఫటికం లోపలే నీరు బంధమై ఉంటుంది. స్వచ్ఛమైన కేవొలిన్ 100 గ్రాములలో సుమారు 14 గ్రాములు ఆ నీరే. అది 450, 600 డిగ్రీల మధ్య బయటికి వెళుతుంది. అదే దారిలో 573 డిగ్రీల దగ్గర పలుగురాయి స్ఫటికం రూపు మార్చుకుని ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అదే చోట ఒక్కసారిగా కుంచించుకుంటుంది. అందుకే నేను 600 దాకా గంటకు 100 డిగ్రీలు మించి ఎక్కించను. ఈ కాల్పు తరవాత పాత్ర సుద్దముక్కలా నీరు పీలుస్తుంది. మెరుగు పట్టడానికి మనకు కావలసిందీ అదే.

రెండో కాల్పులో పాత్ర ఒక ఘడియసేపు మెత్తబడుతుందని గుర్తుంచుకోండి. 1200 పైన పింగాణీ పూర్తిగా రాయి కాదు, పూర్తిగా పాకమూ కాదు. తన బరువుకు తానే ఒంగుతుంది. పక్కకు చాచిన పెద్ద అంచులు, సన్నటి మెడ మీద బరువైన తలలు నిలవవు. కింద కొలిమి పలక చదునుగా లేకపోతే పాత్ర అడుగు ఆ వంకరనే నేర్చుకుంటుంది. పలకకు అల్యూమినా అనే, ఆ వేడికి కరగని తెల్ల పొడి, కేవొలిన్ కలిపిన పూత పూయండి. లేకపోతే పాత్ర అంటుకుపోతుంది. మూత ఉన్న జాడీకి మూతను దాని మీదే పెట్టి కాల్చండి. ఇద్దరూ కలిసి కుంచించుకుంటే కలిసి అమరుతారు. ఆ అంచులకు మాత్రం మెరుగు తగలకూడదు.

మొత్తం మీద తడి అచ్చు నుంచి పూర్తి కాల్పు దాకా నూటికి 12 నుంచి 15 వంతులు తగ్గుతుంది. 13 వంతులు తగ్గే మట్టి అనుకుందాం. చివరికి 10 సెంటీమీటర్ల గ్లాసు కావాలంటే అచ్చు 11.5 సెంటీమీటర్లు ఉండాలి.

(సభలో ఒకరు: "ఇంటి కరెంటుతో 1230 వస్తుందా అమ్మా?")

వస్తుంది, చిన్న కొలిమి అయితే. మామూలు 16 ఆంపియర్ల సాకెట్ నుంచి సుమారు మూడున్నర కిలోవాట్లు వస్తాయి. అంతకన్నా పెద్ద కొలిమికి వేరే లైను, అవసరమైతే త్రీ ఫేజ్ వేయించుకోవాలి. ఒక చిక్కు ఉంది. వేసవి సాయంత్రం అందరూ ఏసీలు వేసుకునే వేళ వోల్టేజి 230 నుంచి 200కు పడిందనుకోండి. తగ్గింది కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ వోల్టేజి వర్గాన్ని బట్టి వేడి పుడుతుంది కాబట్టి, కొలిమి శక్తిలో దాదాపు పావువంతు పోతుంది. 1150 దాకా వెళ్లి అక్కడే గంటల తరబడి నిలిచిపోతుంది. నేను రెండో కాల్పు రాత్రి పది గంటలకు మొదలుపెడతాను. కొలిమి పైదశకు చేరే తెల్లవారుజామున వోల్టేజి నిలకడగా ఉంటుంది.

కొలిమి మీద వెలిగే అంకెను నమ్మకండి. లోపలి కొలత తీగ పాతబడిన కొద్దీ తప్పు చెబుతుంది. పైగా మట్టికి కావలసింది ఒక అంకె మాత్రమే కాదు, వేడి, కాలం రెండూ కలిసిన పని. అందుకోసమే జర్మనీలో సెగర్ 1886లో కోన్లు తయారుచేశాడు. ఇవి మట్టి, మెరుగు సరుకులతోనే చేసిన చిన్న శంకువులు. తమకు నిర్ణయించిన పని జరగగానే తల వంచుతాయి. తరవాత అమెరికాలో ఆర్టన్ పేరుతో వచ్చినవి ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. మన ఇంటి పింగాణీకి ఆరో నెంబరు కోన్, అంటే వేడెక్కే వేగాన్ని బట్టి 1220 నుంచి 1240 డిగ్రీలు. ప్రతి కాల్పులో పాత్రల పక్కన ఒకటి పెట్టండి. ఆవం రంగు చూసి వేడి చెప్పగలిగే పెద్దల కన్ను మనకు లేదు. కోన్ ఆ కంటికి బదులు పనిచేస్తుంది.

(సభలో ఒకరు: "రంగులు వేయవచ్చా?")

వేయవచ్చు. మన చీపురుపల్లి, గరివిడి ప్రాంతమే మాంగనీసుకు పేరు పొందింది. మెరుగులో మాంగనీసు గోధుమ రంగు, ఊదా రంగు, నలుపు ఇస్తుంది. కానీ దాని పొడి, కాల్చేటప్పుడు వచ్చే పొగ నరాలకు హాని చేస్తాయి. కొలిమి ఉన్న గదికి కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర కూర్చోకండి. తినే పాత్ర లోపలి వైపు రంగులేని మెరుగే వేయండి. సీసం కలిసిన మెరుగులు ఎంత మెరిసినా ఇంట్లోకి రానివ్వకండి. మీ మెరుగు మీద అనుమానం ఉంటే నిమ్మచెక్కను దాని మీద బోర్లించి ఒక రాత్రి ఉంచండి. పొద్దున ఆ చోట రంగు మారినా, మెరుపు తగ్గినా ఆ పాత్రను పూలకు వాడుకోండి. అది తట్టుకున్నంత మాత్రాన సీసం లేదని కాదు, అది ప్రయోగశాలలోనే తేలుతుంది. ఏం కలిసిందో తెలిసిన మెరుగునే కొనండి.

ఇప్పుడు నడుమ జాడీ దగ్గరికి వెళదాం. మెరుగు ఉంది కదా, మరి ఎందుకు చెమర్చింది? దగ్గరగా చూస్తే మెరుగు నిండా సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు కనబడతాయి. చల్లారేటప్పుడు మెరుగు, కింది మట్టికంటే ఎక్కువ కుంచించుకుంటే ఇలా చీలుతుంది. మట్టిలో రంధ్రాలు మిగిలి ఉంటే, అది తేమ పీల్చి నెలల తరబడి మెల్లగా ఉబ్బుతుంది కాబట్టి, మొదట బాగున్న మెరుగు కూడా తరవాత చీలుతుంది. ఆ చీలికలోంచి ఉప్పు, నూనె దిగాయి. కింద మట్టి బిగిసి ఉంటే అక్కడే ఆగేవి. మెరుగు పాత్రకు చొక్కా లాంటిది. వాన ఆపవలసింది ఒళ్లే.

ఒళ్లు బిగిసిందో లేదో తెలుసుకోవడానికి త్రాసు చాలు. మెరుగు లేని ఒక ముక్కను పాత్రలతో పాటు కాల్చండి. పొడిగా తూచండి. నీళ్లలో వేసి నాలుగైదు గంటలు మరగబెట్టి, ఆ నీటిలోనే చల్లారనిచ్చి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. 100 గ్రాముల ముక్క 110 అయితే నూటికి 10 వంతులు నీరు తాగింది, అది కుండ జాతి. 100.5 దాటకపోతే పింగాణీ. త్రాసు లేకపోతే విరిగిన అంచును నాలుకకు తాకించండి. అంటుకుంటే చెమరుస్తుంది. నేను ఆ సంచిలో మిగిలిన మట్టితో ముక్కలు చేసి 1000 నుంచి 1230 దాకా ఒక్కో మెట్టు ఎక్కిస్తూ కాల్చి తూచాను. ప్రతి మెట్టుకూ తాగే నీరు తగ్గుతూ వచ్చింది. చివరి ముక్కలో తేడా నా త్రాసుకు అందనే లేదు. మట్టి మంచిదే. దాన్ని చేరవలసిన చోటికి నేను చేర్చలేదు. ఆ జాడీలు అందుకున్న అయిదు ఇళ్లకూ వెళ్లి సంగతి చెప్పి వెనక్కి తెచ్చుకున్నాను. అమ్మాలనుకునే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీరు చేసిన పాత్రలో ఎవరో పిల్లవాడికి పాలు పోస్తారు, ఎవరో ముసలమ్మ ఊరగాయ పెడుతుంది. తూచకుండా ఇవ్వకండి.

ఇంకో చిన్న మాట, విద్యుత్ కొలిమిలో కాల్చిన తెలుపు కాస్త వెన్న రంగుకు మొగ్గుతుంది. పాత చైనా పాత్రల్లో కనబడే చల్లని నీలి తెలుపు రాదు. మట్టిలో ఉండే రవ్వంత ఇనుము, కొలిమిలో గాలి తగ్గించి పొగ పట్టించినప్పుడు ఇచ్చే రంగు అది. ఇంట్లో దాని కోసం విద్యుత్ కొలిమిలో కట్టెలూ బొగ్గులూ వేయకండి. తీగలు పాడవుతాయి, ఇల్లంతా విషవాయువు నిండుతుంది. వెన్న రంగు తెలుపు కూడా అందమైనదే.

ఇక ఆ కుడివైపు జాడీ. ఉగాది తరవాత మా అత్తగారే అందులో నిమ్మకాయ ఊరగాయ పెట్టారు. అడుగున కుదురుకు మెరుగు లేదు, ఒట్టి మట్టే. అప్పటినుంచి కింద ఒక వార్తాపత్రిక ముక్క పరిచే ఉంది. ఇవాళ ఇక్కడికి దాన్ని ఆ కాగితంతో సహా తెచ్చాను, ఇంకా ఎత్తి చూడలేదు. తాతగారూ, మీరు ఒకసారి ఇటు రండి. జాడీ ఎత్తి, అడుగు తడిమి, ఆ కాగితం అందరికీ చూపించండి.